మూత లోపలి చుక్క

యోసేపు పొద్దున పదింటికి దుకాణం షట్టరు లేపుతాడు. లేపి, చెప్పులు బయట విడిచి, బల్ల ముందు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, గోడకు వేలాడే వాచీలన్నిటికీ వరసగా చావి ఇస్తాడు. వరంగల్ చౌరస్తా నుంచి స్టేషన్‌కు పోయే దారిలో, చీరల షాపుకూ మందుల షాపుకూ నడుమ ఇరుక్కున్న దుకాణం అది. ఇద్దరు లోపలికొస్తే మూడోవాడు రోడ్డు మీద నిలబడి మాట్లాడాల్సిందే. అయినా హైదరాబాద్ నుంచి కార్లేసుకుని మరీ వస్తారు. జేబులో ఫోన్ పెట్టుకుని, యాభై ఏళ్ల కిందటి జనత వాచీ కోసం గంటసేపు బతిమాలతారు. పిచ్చి అంటే పిచ్చే మరి.

వచ్చినవాళ్లు మొదట డయల్ చూస్తారు. అసలుదా, మళ్లీ రంగు వేయించిందా అని అడుగుతారు. యోసేపు కంటికి అద్దం తగిలించుకుని, "అక్షరాల అంచు సూడుండ్రి. అసలు దానికి గీత సన్నగ ఉంటది. ఇది ఎవడో మళ్ల అచ్చు గుద్దిండు," అని ఉన్నదున్నట్టు చెప్తాడు. ముళ్లు దానివేనా, మూత దానిదేనా అని అడుగుతారు. అన్నీ అయ్యాక చివరి ప్రశ్న ఒకటి ఉంటుంది.

"ఎవరి చెయ్యి?"

అడగక ఏం చేస్తారు. చావి వాచీ ఏళ్ల తరబడి ఒకే చేతికి ఉంటే ఆ చెయ్యి దానికి వచ్చేస్తుంది. తర్వాత ఎవరు పెట్టుకున్నా, ఆ వేళ అయ్యేసరికి ఆ చెయ్యి చేసే పని చేస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి తూచిన దడువాయి వాచీని ఒక సాఫ్ట్‌వేర్ పిల్లగాడు కొన్నాడు. పొద్దున తొమ్మిదయిందంటే అతని ఎడమచెయ్యి లేని బస్తా అంచు పట్టుకుని సవరిస్తుంది. చర్చిలో డోలు వాయించిన ముసలాయన వాచీ కొన్న బ్యాంకు మేనేజరు ఆదివారం పదిన్నరకు వంటింట్లో స్టీలు డబ్బాలు వాయిస్తాడు. ఆయన భార్య ఫోన్ చేసి యోసేపును తిట్టింది గానీ వాచీ మాత్రం వాపసు పంపలేదు.

అందుకని యోసేపు ఏ పాత వాచీ కొన్నా ముందు ఒక రోజంతా తన చేతికే పెట్టుకుంటాడు. అది అతనికి పని నేర్పిన ఉస్తాద్ పెట్టిన నియమం. "చెయ్యి ఉండేది బ్యాలెన్స్ చక్రంలనే రా," అనేవాడు ఉస్తాద్, అటూ ఇటూ ఊగే ఆ చిన్న చక్రాన్ని చిమ్టాతో పట్టి చూపిస్తూ. "మిగిలిందంత ఉత్త ఇనుము. చెడ్డ చెయ్యి వచ్చిందనుకో, వాచీ అమ్మకు. చక్రం తీసి మోరీల పారెయ్యి." ఉస్తాద్ నేర్పింది ఇంకోటి కూడా ఉంది. వాచీ విప్పిన ప్రతిసారీ వెనక మూత లోపల సూదితో తన గుర్తు, తారీఖు గీకాలి. వేరే వాచీలోంచి తీసిన సామాను వేస్తే ఆ తారీఖు కింద ఒక చుక్క పెట్టాలి. "నోటితోని చెప్పే ధైర్యం లేకుంటే మూత లోపలన్న చెప్పు," అనేవాడు. యోసేపు గుర్తు చిన్న సిలువ. వరంగల్, హనుమకొండలో ఎన్ని మూతల లోపల ఆ సిలువ ఉందో అతనికే తెలియదు.

ఆ గోడ మీద ఒక వాచీ మాత్రం అమ్మకానికి కాదు. అది యోసేపు తండ్రి యాకోబుది. కాజీపేటలో రైలు గార్డుగా ముప్పైయొక్క ఏళ్లు చేశాడాయన, ఎడమచేత్తోనే జెండా ఊపేవాడు. యోసేపుకు పదేళ్లప్పుడు తల్లి ఇచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద ఉరికాడు. తండ్రి చూశాడు. చూశాడు గానీ అప్పటికే పచ్చజెండా లేచి ఉంది, బండి వెళ్లిపోయింది. మర్నాడు ఇంటికొచ్చి, "జెండా లేసినంక బండి ఆగదు బిడ్డా. నీ కోసమైనా ఆగదు," అన్నాడు, తల నిమురుతూనే. తండ్రి పోయాక యోసేపు ఆ వాచీ ఒక్కరోజు పెట్టుకున్నాడు. సాయంత్రం నాలుగూ నలభైకి, తండ్రి బండి కదిలే వేళకు, ఎడమచెయ్యి భుజం దాకా లేచి నిటారుగా నిలబడింది, తన కాళ్లు ఎవరి మాటా వినకుండా రోడ్డు దాకా నడిచాయి. మళ్లీ పెట్టుకోలేదు.

ఇక అతను చేసిన తప్పు చెప్పాలి. చెప్పకుండా దాటిపోదామంటే కథ ముందుకు పోదు.

మూడేళ్ల కింద, కూతురు గ్రేస్ పెళ్లి వారం. శివనగర్ నుంచి పూలమ్మ అనే ఆమె చేతిరుమాలులో కట్టి మొగుడి వాచీ తెచ్చింది. మొగుడు పోయి నెలయిందట. ఆమె జుట్టు మగపిల్లల లెక్క పొట్టిగా కత్తిరించి ఉంది. "అమ్ముకో, పారెయ్యి, నీ ఇష్టం. నాకైతే వాపసు ఇయ్యకు," అని రుమాలు కూడా అక్కడే వదిలి పోయింది. యోసేపు ఎప్పటిలాగే దాన్ని చేతికి పెట్టుకుని ఇంటికి పోయాడు. రాత్రి ఎనిమిదిన్నరకు భార్య మరియమ్మ వంగి అన్నం పెడుతుంటే అతని ఎడమచెయ్యి ఆమె జడ పట్టి మెలిపెట్టింది. మరియమ్మ అరవలేదు. మెడ ఒక పక్కకు వంగిపోయి ఉండగానే, "ముందుగాల వాచీ ఇప్పయ్యా," అంది.

మర్నాడు విప్పి బ్యాలెన్స్ తీశాడు. తీశాడు గానీ పారేయలేకపోయాడు. ఎంత చక్కగా ఊగుతోందో! ఆ వాచీలు చేసే కంపెనీ మూతపడ్డాక అలాంటి అసలు సామాను ఎక్కడ దొరుకుతుంది? ఈ పాత వాచీల వాళ్ల బుద్ధే అంత, అసలుదంటే పాముపిల్లనైనా డబ్బీలో దాచుకుంటారు. యోసేపు దాన్ని ఖాళీ బామ్ డబ్బీలో పెట్టి మూతేశాడు.

ఆ వారమే బల్ల మీద రెండు జనత వాచీలున్నాయి. ఒకటి అల్లుడు రాజేష్‌కు పెళ్లిలో తొడగడానికి. రెండోది యోసేపుకు బడిలో చదువు చెప్పిన రాజేశ్వర్ రావు సారుది. పెళ్లి పనుల్లో, షామియానా వాడితో ఫోన్‌లో కొట్లాడుతూ రెండూ చేసి ఇచ్చేశాడు. పెళ్లయి నాలుగు రోజులకు బామ్ డబ్బీ తీస్తే ఖాళీగా ఉంది. రెండింట్లో ఒకదాంట్లో వేశాడు, ఏ దాంట్లోనో గుర్తు లేదు. మూతలు విప్పి చుక్క ఎక్కడుందో చూస్తే సరిపోయేది. కానీ కొత్తల్లుడి చేతి వాచీ విప్పమని ఏ ముఖంతో అడుగుతాడు? చదువు చెప్పిన సారు దగ్గర ఏమని నోరు తెరుస్తాడు? రేపడుగుదాం, ఆదివారం అడుగుదాం అనుకుంటూ మూడేళ్లు గడిపాడు. అది పిరికితనం. నేనైతే దానికి ఇంకో పేరు పెట్టను.

రెండో ఏడు గ్రేస్ పెదవి పగిలి పుట్టింటికొచ్చింది. వెనకాలే రాజేష్ వచ్చి మరియమ్మ కాళ్ల మీద పడి ఏడ్చాడు. "నేను గాదు అత్తా! చెయ్యి దానంతటదే లేసింది!" అందరూ అతని చేతి వాచీ వంక చూశారు. యోసేపు అక్కడే కూలబడి బామ్ డబ్బీ సంగతి చెప్పేశాడు. అంతే, ఆ రోజు నుంచి తప్పంతా వాచీది అయింది. పాస్టరు గారొచ్చి వాచీ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. రాజేష్ తల్లి, "మా పిలగాడు చీమను సుత నొప్పియ్యడు. ఆ వాచీ అసోంటిది దొరికింది, ఏం జేస్తం," అంది. ఒకసారి వాచీ ఇవ్వు, బాగు చేస్తానని యోసేపు ఎన్నిసార్లు అడిగినా, "పెండ్లినాడు తొడిగినది తియ్యొద్దని అమ్మ అంటాంది మామా," అని రాజేష్ చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. స్నానానికి పోయేటప్పుడు మాత్రం తీసి సబ్బు గూట్లో పెట్టేవాడట. ఆ మాట గ్రేస్ చాలా రోజుల దాకా చెప్పలేదు.

మొన్న వానాకాలంలో, ఒక బుధవారం, పొద్దున పదకొండింటికి గ్రేస్ దుకాణానికి వచ్చింది. చున్నీ కొంగులో కట్టి వాచీ తెచ్చింది.

"నైట్ డ్యూటీ చేసొచ్చి తానం చేసి పండుకున్నడు డాడీ. వాచీ గూట్లనే మర్చిపోయిండు. నాలుగింటికి లేస్తడు. గంతల మంచిగ చెయ్యి."

"నాలుగింటిదాంక ఎందుకు బిడ్డా, గంటల చేస్త," అన్నాడు యోసేపు.

చిన్నప్పుడు గ్రేస్ బడి నుంచి వచ్చి ఆ బల్ల కిందే కూర్చునేది. వాచీ ఇస్తే ఎడమచెవికి ఆనించుకుని, "దీనికి సర్ది అయింది డాడీ," "ఇది కుంటుతాంది డాడీ," అని చెప్పేది. ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఇప్పుడు కూడా అలవాటుగా చున్నీ ముడి విప్పి వాచీని ఎడమచెవికి ఆనించుకుంది. ముఖం మారిపోయింది.

"అయ్యో, ఆగిపోయింది డాడీ! ఆటోల కింద పడ్డదా ఏంది? ఆయన సంపుతడు నన్ను."

యోసేపు చూశాడు. ఆమె వేళ్ల మధ్య సెకన్ల ముల్లు చక్కగా తిరుగుతోంది.

"మళ్ల విను బిడ్డా."

"లేదు డాడీ. అస్సలు సప్పుడే లేదు."

యోసేపు లేచి, ఆమె చెయ్యి పట్టుకుని వాచీని రెండోచెవి దగ్గరికి జరిపాడు. గ్రేస్ కాసేపు విని మెల్లగా చెయ్యి దించింది. "ఆదివారంసంది చెవుల గుయ్యిమంటాంది. తానం చేస్తుంటే నీళ్లు పోయినయనుకున్న," అంది. చున్నీ జరిగినచోట చెవి వెనక నల్లగా కమిలి ఉంది. ఆ చెవితోనే కదా బిడ్డ వందల వాచీల రోగాలు చెప్పింది. యోసేపు అద్దం కంటికి పెట్టుకుని మూత విప్పడం మొదలుపెట్టాడు.

విప్పుతూ దేవుణ్ణి అడిగాడు. చుక్క ఉండాలె తండ్రీ, తప్పు నాదే కావాలె, నాదైతే నేను బాగు చేసుకుంట. అంత గట్టిగా అతను ఎప్పుడూ ఏ ప్రార్థనా చేసి ఉండడు. మూత ఊడింది. వెలుతురుకు తిప్పి చూశాడు. సిలువ ఉంది, కింద తారీఖు ఉంది, దాని కింద నున్నటి స్టీలు మెరుస్తోంది. చుక్క లేదు. రుమాలుతో తుడిచి మళ్లీ చూశాడు. బ్యాలెన్స్ చూశాడు. అది ఆ వాచీలో పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, ఎవరూ ముట్టుకోనిది.

"దొరికిందా డాడీ?" అంది గ్రేస్.

అప్పుడే చెప్పేయాల్సింది. కానీ ఏమో, తొందరలో చుక్క పెట్టడం మర్చిపోయానేమో, సారు వాచీ కూడా చూస్తే గానీ తెలియదు అని మనసుకు చెప్పుకున్నాడు. మూత బిగించి వాచీ ఆమెకిచ్చి, "ఇంటికి పో బిడ్డా, అమ్మ దగ్గర కూసో. నాకు హన్మకొండల జర పనున్నది," అన్నాడు.

రాజేశ్వర్ రావు సారు ఇంట్లో ముందుగదిలోనే మంచం. మంచం మీద ఆయన భార్య సరళమ్మ. పక్షవాతం వచ్చి నాలుగేళ్లు, మాట లేదు. తల మాత్రం నూనె రాసి, రెండు జడలు వేసి, నల్లరిబ్బన్లు కట్టి ఉంది.

"వాచీ ఒకసారి ఇయ్యుండ్రి సార్," అన్నాడు యోసేపు. మందుల బల్ల మీదే పెట్టి విప్పాడు. సిలువ, తారీఖు, దాని కింద చుక్క. అద్దం లేకుండానే కనిపించింది.

"ఎనిమిదిన్నరకు చెయ్యి లేస్తాందా సార్?"

"మూడేండ్లసంది," అన్నాడు సారు, వాన పడుతోంది అన్నంత మామూలుగా. "సీదా సరళమ్మ జుట్టు మీదికి పోతది."

"చెప్పకపోతిరి సార్!"

"ఏం చెప్పాలె? మొదట్ల గట్టిగ గుంజేది. పాపం, ఆమె నోరు తెరిచి అనలేదు, కండ్లకెల్లి నీళ్లు కారేటియి. ఆమె మందుల వేళకు వాచీ కావాలె గదా, తియ్యలే. ఆ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూసునేటోన్ని. ఎన్నిదినాలు కూసుంటం? దానికి జుట్టు పట్టుకోవాలె, గంతే గదా. పట్టుకోమన్న. కుడిచేత్తోని దువ్వెన పట్టిన. ఇప్పుడు అది కుదురుగ పట్టుకుంటది, నేను జడలేస్త." సారు నవ్వాడు. "బడిల నీకు ఎక్కాలు నేర్పిన దానికంటే దీనికి నేర్పుడే అల్కగైంది."

యోసేపు ఆ మంచం కోడు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. సారు అతని భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు. చక్రం మార్చి ఇస్తానంటే, "వద్దు. అలవాటు పడ్డం," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మూడున్నర. మరియమ్మ ఒక్కతే ఉంది. "ఆయన లేసేవరకు వాచీ గూట్ల ఉండాలెనని ఉరికింది. డాడీ మంచిగ చేసిండమ్మా, ఇగ ఫికర్ లేదు అని నవ్వుకుంట పోయింది. ఏమైందయ్యా, గట్ల సూస్తానవ్?"

యోసేపు వచ్చిన ఆటోను అట్లనే నిలబెట్టి దుకాణానికి పోయాడు. షట్టరు సగమే లేపి లోపలికి దూరి, మేకుకున్న తండ్రి వాచీ తీసి, నిండా చావి ఇచ్చి, టైం సరిచేసి జేబులో వేసుకున్నాడు. కాజీపేటలో రాజేష్ వాళ్ల రైల్వే క్వార్టర్ దగ్గర దిగేసరికి నాలుగూ ఇరవై అయిదు.

రాజేష్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. వాచీ చేతికే ఉంది. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి, "వందనాలు అన్నా. వాచీ మంచిగ చేసినవట గదా," అంది. వంటింటి గడప మీద గ్రేస్ కూర్చుని ఉంది. తడిగుడ్డ చెంపకు అదిమి పట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు మోచేతి దాకా కారుతున్నాయి.

"అడగకుంట ముట్టుకున్నది మామా," అన్నాడు రాజేష్, చాయ్ గ్లాసులోకి చూస్తూ. "నువ్వు సరిగ చెయ్యలేదు. ఇంక అట్లనే ఉన్నది అది."

"అండ్ల ఏం లేదు," అన్నాడు యోసేపు. "మొదటిసంది ఏం లేదు. ఆ చక్రం వేరే వాచీల పడ్డది. నీ వాచీకి ఎవరి చెయ్యి లేదు రాజేష్, నీదే. బిడ్డా, నేను పొద్దుగాలనే చెప్పకపోతి."

గ్రేస్ గుడ్డ తీసి గిన్నెలో పిండింది.

"కుడిచెయ్యి డాడీ," అంది.

"ఏంది బిడ్డా?"

"వాచీ ఎడమచేతికి గదా. నన్ను కొట్టేది ఎన్నడైనా కుడిచెయ్యే. మొదటిసారే తెలుసు నాకు. అందరు వాచీ, వాచీ అంటాంటే నాక్కూడ అదే అయితే మంచిగుండు అనిపించింది. వాచీ అయితే నువ్వు బాగుచేస్తవ్ గదా అని."

యోసేపు వంగి ఆమె ఎడమచేతికి తండ్రి వాచీ కట్టాడు. పాత తోలుపట్టీ చివరి రంధ్రానికి పెట్టినా వదులుగానే ఉంది. "తాతది," అన్నాడు. "లే, పోదాం."

"యాడికి?" అన్నాడు రాజేష్. గొంతు పెంచలేదు. "కూసో."

గ్రేస్ లేవబోయిందల్లా కూర్చుంది. రెండేళ్లుగా ఆ మాట వింటే ఆమె మోకాళ్లు అట్లనే వంగుతాయి. యోసేపు రెక్క పట్టి లేపబోయినా లేవలేదు, కళ్లు నేల మీదే ఉన్నాయి. రాజేష్ చాయ్ తాగడం ముగించి గ్లాసు కింద పెట్టాడు. అతని తల్లి గుమ్మం నిండా అడ్డంగా నిలబడి, "కూసోండ్రి అన్నా, మొగుడు పెండ్లాలన్నంక ఉండయా," అంటోంది.

నాలుగూ నలభై అయింది. స్టేషన్ వైపు ఉత్తరాది ప్యాసింజర్ కూత వేసింది.

గ్రేస్ ఎడమచెయ్యి లేచింది. మెల్లగా, భుజం దాకా, గుమ్మం వైపు నిటారుగా. ఆ చేతి వెనకే ఆమె లేచింది. రాజేష్ తల్లి ముప్పై ఏళ్లు రైల్వే వాడితో కాపురం చేసిన మనిషి. ఆ చెయ్యి చూడగానే మాట మధ్యలో ఆపి, గోడకు ఆనుకుని దారి ఇచ్చింది. తను ఏం చేసిందో ఆమెకు అర్థమయ్యేసరికి గ్రేస్ గుమ్మం దాటింది. రాజేష్ కూడా కాళ్లు ముడుచుకుని పక్కకు జరిగాడు, ఆ తర్వాత గాని ఉలిక్కిపడి లేవలేదు.

"గ్రేస్! ఆగు! వాచీ తీసేస్త! ఇగో, తీసేసిన సూడు!"

వాకిట్లోకి ఉరికొచ్చి వాచీ ఎత్తి చూపించాడు, కుడిచేత్తో. గ్రేస్ వెనక్కి చూడలేదు. ఆ అరుపు ఆమెకు ఎంత వినిపించిందో కూడా తెలియదు. గేటు దగ్గర ఎడమవైపు నుంచి బండి ఒకటి హారన్ కొట్టుకుంటూ దూసుకొచ్చినా ఆమె చూసుకోలేదు, యోసేపు రెక్క పట్టి వెనక్కి లాగాడు. అప్పటి నుంచి అతను ఆమెకు ఎడమవైపే నడిచాడు.

ఆటో కదిలాక చెయ్యి తనంతట తానే దిగింది. వడ్డేపల్లి దాటింది. అప్పుడు గ్రేస్ చున్నీ జరిపి, చిన్నప్పటి అలవాటున వాచీని ఎడమచెవికి ఆనించుకుంది. కాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లగా రెండోచెవికి మార్చుకుంది.

"నడుస్తాంది డాడీ," అంది.